పాత సైనిక వాహనాల్లో ఫీల్డ్ టెలిఫోన్ తీగ పరిచే పనిముట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత జీపో, ల్యాండ్ రోవరో, డాడ్జ్ ట్రక్కో బాగుచేసేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు పేరు తెలియని సామాను ఎదురవుతుంది. సీటు పక్కన ఒక వంకీ కర్ర, వెనకవైపు ఒక ఇనుప చట్రం, పెట్టె అడుగున ఒక తోలు సంచి. రేడియో సెట్ల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. యుద్ధరంగంలో ఫీల్డ్ టెలిఫోన్లను కలిపే తీగ పరిచే సామాను దగ్గరికొచ్చేసరికి అడిగేవాళ్లే గానీ చెప్పేవాళ్లు తక్కువ. అది ఏమిటో తెలియకనే మంచి కర్రలు పొయ్యిలోకి, మంచి డ్రమ్ములు పాత ఇనుములోకి పోతున్నాయి. నాకు తరచూ వచ్చే ప్రశ్నలకు తెలిసినంతవరకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

నా చేతిలో ఉన్నది తీగ పరిచే పనిముట్టేనా? మొట్టమొదట ఏం చూడాలి?

తీగ దాన్ని ఎక్కడ తాకి ఉంటుందో వెతకండి. ముద్రలు, నంబర్లు, రంగు అన్నీ ఆ తర్వాతే.

ఫీల్డ్ టెలిఫోన్ తీగ సన్నగా ఉంటుంది. లోపల రాగి పోగులతో పాటు ఉక్కు పోగులు ఉంటాయి, పైన రబ్బరు గానీ ప్లాస్టిక్ గానీ తొడుగు ఉంటుంది. అలాంటి తీగ మైళ్ల కొద్దీ ఒకే చోట రాసుకుంటూ పోతే అక్కడ ఇనుము అద్దంలా నున్నబడుతుంది, క్రమంగా గాడి పడుతుంది. రెండో సంగతి, తొడుగు చిట్లితే తడి నేల మీద లైను పాడైపోతుంది. కాబట్టి తయారుచేసినవాళ్లు తీగ తాకే ప్రతి చోటా అంచులు గుండ్రంగా తీసి ఉంచుతారు. తీగ జారాల్సిన చోట పదునైన మూల కనిపిస్తే అది వేరే పనికి చేసిన వస్తువు అయి ఉండొచ్చు.

అందుకే నా విన్నపం ఒక్కటే. వస్తువు దొరికిన రోజే వైర్ బ్రష్ పట్టుకుని తోమేయకండి. మీరు వదిలించే ఆ నలుపులోనే దాని పేరు ఉంటుంది.

పొడవాటి కర్ర, చివర ఇనుప కొక్కెం. ఇదేమిటి?

ఎక్కువమంది అడిగేది దీని గురించే. కాయలు కోసే దోటి చూసినవాళ్లకు దీని రూపు వెంటనే తెలుస్తుంది. తేడా ఒక్కటే, దోటి కొక్కేనికి పదును ఉంటుంది, దీనికి ఎక్కడా పదును ఉండదు. బ్రిటిష్ సైన్యంలో దీన్ని క్రూక్ స్టిక్ అనేవారు.

దీని అవసరం గుర్రాల కాలంలోనే మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కేబుల్ బండిని ఆరు గుర్రాలు లాగేవి. బండి మీది డ్రమ్ము నుంచి తీగ విప్పుకుంటూ వెనక్కి జారుతుంది. అలా జారిన తీగ దారి మధ్యలోనే పడుతుంది, వెనకే వచ్చే చక్రాలూ గిట్టలూ దాన్ని తెంపేస్తాయి. కాబట్టి గుర్రం మీద వెనక వచ్చే లైన్‌మన్ ఈ కర్ర కొక్కెంలోకి తీగను తీసుకుని, దారి పక్క కంచె మీదికో చెట్టు కొమ్మ మీదికో చేరవేసేవాడు. గుర్రం దిగడు, బండి ఆగదు. బండి స్థానంలో ట్రక్కు వచ్చినా పని మారలేదు. ట్రక్కు వెనక కూర్చున్న మనిషో, వెనకే నడిచే మనిషో ఇదే కర్రతో తీగను పక్కకు వేస్తాడు. తీగను తిరిగి చుట్టుకునేటప్పుడు కొమ్మల్లోంచి, కంచెల్లోంచి దాన్ని విడిపించడానికీ ఇదే కర్ర.

ఈ పని మనసులో పెట్టుకుని కొక్కేన్ని చూస్తే దాని రూపం అర్థమవుతుంది. తీగ పక్కనుంచి సులువుగా లోపలికి రావాలి, ఊరికే జారి బయటికి పోకూడదు. అందుకే నోరు కాస్త తెరుచుకుని, కొస కొద్దిగా లోపలికో పక్కకో తిరిగి ఉంటుంది.

నా దగ్గరున్న ఒక కర్ర గురించి చెబుతాను. కొక్కెం మీద ఆకుపచ్చ రంగు దాదాపు అంతటా నిలిచి ఉంది. లోపలి వంపులో మాత్రం ఒక పక్కగా అగ్గిపుల్ల పట్టేంత వెడల్పున రంగు లేదు. అక్కడ గోరు పెట్టి లాగితే చిన్న గాడి తగులుతుంది. కొక్కెం కర్రలోకి దిగే చోట రోకలి పొన్నులాంటి ఇనుప కట్టు, దానికి అడ్డంగా ఒక రివెట్టు ఉన్నాయి. కింద కర్ర మీద రెండు చోట్ల చెక్క నల్లబడి నునుపుగా ఉంది. ఆ రెండు చోట్లా చేతులు పెట్టి పట్టుకుంటే కర్ర సరిగ్గా తూగుతుంది. గాడి మధ్యలో కాకుండా పక్కన ఎందుకు పడిందో అప్పుడు తెలిసింది. దాన్ని వాడిన మనిషి ఎప్పుడూ ఒకే పక్కకు తీగ వేసేవాడు.

కొక్కెంలో గిలక ఉంటే?

అది అమెరికన్ సామాను అయ్యే అవకాశం ఎక్కువ. అక్కడ దీన్ని వైర్ పైక్ అన్నారు, సైన్యంలో సమాచార సామాను చూసే విభాగమైన సిగ్నల్ కోర్ పెట్టిన పేరు ఎంసీ-123. బావి గిలకలో తాడు జారినట్టు కొక్కెంలోని చిన్న గిలక మీద తీగ జారుతుంది. కర్ర రెండు ముక్కలుగా ఉండి మధ్యలో అతుకుతుంది. చాలాసార్లు పై ముక్క ఒక్కటే దొరుకుతుంది, దాంతో పొట్టి కర్రగా పొరబడతారు. అడుగున లోహపు అతుకు ఉందేమో చూడండి.

గిలక తుప్పుపట్టి బిగుసుకుపోతే దాన్ని సుత్తితో కొట్టకండి. పలుచటి నూనె వేసి రెండు మూడు రోజులు వదిలేస్తే సాధారణంగా కదులుతుంది.

పంగల కర్రలా చీలి, పక్కన చిన్న కొక్కెం కూడా ఉంది. ఇది ఏ దేశానిది?

జర్మన్ పద్ధతి ఇలా ఉంటుంది. వాళ్లు దీన్ని డ్రాట్‌గాబెల్ అంటారు, అంటే తీగ పంగ. తీగను పంగలో నిలబెట్టి పైకి తోస్తే కొమ్మ మీద పడుతుంది, కొక్కెంతో కిందికి లాగొచ్చు. ఒకదానిలో ఒకటి దూరే కర్ర ముక్కలతో కావలసినంత పొడవు చేసుకునేవారు. అందువల్ల తల ఒకచోట, కర్రలు ఇంకోచోట దొరకడం మామూలే.

కర్ర కొక్కేన్ని వేటితో పొరబడతారు?

ముఖ్యంగా పడవ కొక్కెంతో. పడవ కొక్కేనికి వంకీతో పాటు ముందుకు పొడుచుకొచ్చిన కొన ఉంటుంది, ఒడ్డును తోయడానికి. అగ్నిమాపక దళం వాడే కొక్కేనికీ పదునైన కొన ఉంటుంది. ఎత్తు కిటికీలు తెరిచే కర్రకు ఇత్తడితో చేసిన చిన్న వంకీ ఉంటుంది, అందులో తీగ స్వేచ్ఛగా జారదు. ఫిరంగి గొట్టం తుడిచే కడ్డీల చివర మరలు ఉంటాయి. గుడారపు గుంజ తలపై నిలువుగా ఒక మేకు ఉంటుంది, దానికి కొక్కెం ఉండదు.

గొర్రెల కాపరి కర్రతో పొరబడటం కూడా చూశాను. ఆ రెండింటి వంపూ నిజంగానే దగ్గరగా ఉంటుంది. అక్కడ మళ్లీ అదే పరీక్ష చేయాలి. లోపలి వంపులో సన్నటి గాడి ఉందా, లేక అంతటా సమానంగా అరిగిందా?

కొక్కెం లేని ఉత్త గుంజల కట్ట దొరికింది. అవీ తీగవేనా?

కావచ్చు. రోడ్డు దాటాల్సిన చోట తీగను నేల మీద వదిలేస్తే బండ్లు తొక్కేస్తాయి. ఒకటి, నేలలో పూడుస్తారు. లేదా అటూ ఇటూ గుంజలు పాతి పైనుంచి తీసుకెళ్తారు. అందుకు వాడే తేలికపాటి గుంజల్ని లాన్స్ పోల్ అంటారు. తల దగ్గర తీగ కట్టడానికి ఏర్పాటు, నిలబెట్టే తాళ్లు కట్టిన గుర్తులు ఉంటాయి. ఇవేవీ లేకపోతే అవి మరుగు వల గుంజలో గుడారపు గుంజలో అయి ఉంటాయి. ఉత్త గుంజను గుంజగానే చెప్పుకోవడం మేలు, లేని పేరు తగిలించకూడదు.

రీళ్లు, డ్రమ్ములు, చట్రాలు రకరకాలుగా ఉన్నాయి. వీటిని ఎలా విడదీయాలి?

ముందు ఒక తేడా చూసుకోవాలి. తీగ చుట్టి ఉండేది డ్రమ్ము. ఆ డ్రమ్మును తిప్పేది రీల్ యూనిట్. అమెరికన్ పేర్లలో డ్రమ్ముకు డీఆర్ అనీ, తిప్పేదానికి ఆర్‌ఎల్ అనీ వస్తుంది. అవి రెండూ వేర్వేరు వస్తువులు. జత కలిసే దొరకాలనేం లేదు.

ఇన్ని రకాలు ఎందుకంటే బరువు వల్ల. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్లు ఎక్కువగా వాడిన డబ్ల్యూ-110-బీ తీగ మైలుకు సుమారు 130 పౌండ్లు, అంటే 59 కిలోలు. అసాల్ట్ వైర్ అనే డబ్ల్యూ-130 మైలుకు 30 పౌండ్లే. యుద్ధం తర్వాత వచ్చిన డబ్ల్యూడీ-1/టీటీ 48 పౌండ్లు. డీఆర్-4 డ్రమ్ము మీద డబ్ల్యూ-110-బీ ఒక మైలు పడుతుంది. తీగకు డ్రమ్ము బరువు కూడా కలిస్తే ఒక్క మనిషి మోసేది కాదు. అందుకే ఇద్దరు చెరో పక్క పట్టుకునే ఆర్‌ఎల్-27 వచ్చింది. చూడటానికి అది సుమారు రెండున్నర అడుగుల ఇరుసు, రెండు చివర్లా పట్టుకోవడానికి గరుకు పిడులు, తీసి పెట్టుకునే ఒక తిప్పుడు కమ్మీ. అంతే. పాత ఇనుములో ఎక్కువగా పోయేది ఇదే, ఎవరికీ అనుమానం రాదు కాబట్టి.

వాహనాల మీద ఎక్కువగా కనిపించేది ఆర్‌ఎల్-31. ఉక్కు గొట్టాలతో చేసిన మడత చట్రం, పక్కనుంచి చూస్తే నిచ్చెన బల్లలా రెండు కాళ్లు చాచి నిలబడుతుంది. ఇరుసు, తిప్పే హ్యాండిల్, బ్రేకు ఉంటాయి. ఇరుసును మధ్యలో విడదీస్తే రెండు డ్రమ్ములు దేనికది తిరుగుతాయి. బ్రేకు చిన్న భాగమే గానీ దాని మీద కన్ను వేయండి. బండి ఆగినా డ్రమ్ము తిరుగుతూనే ఉంటుంది, బ్రేకు లేకపోతే తీగ కుప్పగా పడి చిక్కుపడుతుంది. బ్రేకు పోయిన చట్రాలు చాలా ఉన్నాయి. అది బిగించే చోటి రంధ్రాలు మాత్రం మిగిలే ఉంటాయి.

పెట్రోలు ఇంజనుతో తిరిగే పెద్ద యూనిట్ ఆర్‌ఎల్-26. అది ట్రక్కు మీద బిగించేది, జీపుకు సరిపడదు.

ఇక ఒక్క మనిషి మోసుకెళ్లేది ఆర్‌ఎల్-39. దానికి డీఆర్-8 అనే చిన్న డ్రమ్ము పడుతుంది, అందులో డబ్ల్యూడీ-1 తీగ పావు మైలు. నేతగాళ్ల కండె గుర్తొస్తుంది చూస్తే. ఈ రీలుతో పాటు బ్యాటరీ అక్కర్లేని టీఎస్-10 హ్యాండ్‌సెట్ కూడా ఉంటే ఆ మొత్తం కట్టను సీఈ-11 అంటారు. తీగ పరుచుకుంటూ పోయే మనిషి మధ్యలో ఆగి మాట్లాడుకోవడానికి ఆ ఏర్పాటు.

జర్మన్ సైనికులు డ్రమ్మును వీపు మీద మోసే చట్రంలో పెట్టుకునేవారు. గొట్టాల చట్రానికి భుజం పట్టీలు తగిలించే కొక్కేలు, వీపుకు ఆనే మెత్త ఆనవాళ్లు ఉంటే అటు ఆలోచించండి.

డ్రమ్ము లేకుండా టైరులా చుట్టిన తీగ ఉంది, పైన గుడ్డ. ఎవరైనా చేత్తో చుట్టిందా?

కాదు, ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చింది. ఎంఎక్స్-306 అంటారు. అర మైలు డబ్ల్యూడీ-1 తీగ ఇందులో ఉంటుంది. దీనికి తిరిగే భాగమేదీ లేదు. తీగ మధ్య రంధ్రంలోంచి వస్తుంది, ఎంత వేగంగా లాగినా చిక్కు పడదు. కదిలే వాహనం నుంచి, విమానం నుంచి కూడా వదిలేవారు.

మీకు దొరికినది చుట్ట విడిపోకుండా ఉంటే లాగి చూడాలనే కోరిక ఆపుకోండి. ఒకసారి బయటికి వచ్చిన తీగను మళ్లీ అలా చుట్టడం చేత్తో అయ్యే పని కాదు.

తీగ ముక్క ఒక్కటే మిగిలింది. దాన్ని బట్టి కాలం చెప్పొచ్చా?

కొంతవరకు చెప్పొచ్చు. రబ్బరు తొడుగు మీద నూలు అల్లిక ఉంటే పాతది. నున్నటి ప్లాస్టిక్ తొడుగు, జంట మెలిక ఉంటే యుద్ధం తర్వాతి తరం. డబ్ల్యూడీ-1 తీగ చివర విప్పి చూస్తే ప్రతి తీగలో ఏడు పోగులుంటాయి, నాలుగు రాగివి, మూడు ఉక్కువి. అయస్కాంతం పెడితే ఉక్కు పోగులు అంటుకుంటాయి.

బ్రిటిష్ తీగలకు డీ అక్షరంతో పేర్లు, డీ3, డీ8 అలా. తర్వాతి కాలపు జంట తీగ డీ10ని ఇప్పటికీ డాన్ టెన్ అంటారు. పాత అక్షర సంకేతాల్లో డీకి డాన్ అనేవారు, ఆ అలవాటు అలా నిలిచిపోయింది.

తీగకు బిళ్ల వేలాడుతుంటే దాన్ని తీసేయకండి. ఏ లైను ఏదో చెప్పే బిళ్లలవి. చీకట్లో చేతి వేళ్లతోనే పోల్చుకునేలా కొన్నింటి అంచులకు గాట్లు పెట్టేవారు.

తోలు సంచిలో ప్లయర్, కత్తి ఉన్నాయి. అవి దీనికి సంబంధించినవేనా?

నడుముకు తగిలించుకునే రెండు అరల తోలు సంచి అయితే అది సీఎస్-34, ప్లయర్ టీఎల్-13-ఏ, మడత కత్తి టీఎల్-29. మూడూ కలిస్తే టీఈ-33 కిట్. కత్తికి రెండు ఆకులుంటాయి. ఒకటి మామూలు కోసే ఆకు, రెండోది స్క్రూడ్రైవర్ కొసతో ఉండి, తెరిచాక మూసుకుపోకుండా తాళం పడుతుంది. టీఎల్-29 నమూనాలోనే మామూలు ఎలక్ట్రీషియన్ల కోసం కూడా కత్తులు వచ్చాయి. కాబట్టి రూపం సరిపోయినంత మాత్రాన సైన్యానిది అనుకోవద్దు, కత్తి మీద ఉన్న ముద్ర చూడాలి.

ఆ ప్లయర్‌కు ఇంకో ఉపయోగం ఉంది, అది తెలిశాక దాని మీద నాకు గౌరవం పెరిగింది. జంట తీగ తెగితే రెండు అతుకులూ పక్కపక్కన వస్తే ఒకదానికొకటి తగిలి లైను షార్ట్ అవుతుంది. అందుకని జంటలో ఒక తీగను ప్లయర్ పొడవంత, అంటే సుమారు ఆరు అంగుళాలు, పొట్టిగా కత్తిరించేవారు. అవతలి ముక్కలో రెండో తీగను అంతే పొట్టి చేస్తారు. అప్పుడు అతుకులు దూరదూరంగా పడతాయి. చీకట్లో, వానలో కొలబద్ద వెతుక్కోనక్కర్లేదు, చేతిలోని ప్లయరే కొలత. తర్వాత చదరపు ముడి వేసి, రాగి పోగులతో చుట్టి, టేపు వేస్తారు.

ఇనుప మేకు ఒకటి ఉంది. ఎర్త్ రాడ్డా, గుడారపు మేకా?

తీగ బిగించే స్క్రూ గానీ, అతికించిన తీగ ముక్క గానీ ఉంటే ఎర్త్ రాడ్. ఒంటి తీగ లైన్లలో కరెంటు తిరుగు దారి నేలే కాబట్టి రెండు కొసల్లో ఈ కడ్డీ దింపేవారు. ఆ పద్ధతిలో ఒక చిక్కు ఉండేది. నేలలోంచి పోయే మాటను శత్రువు తన కడ్డీలు దింపి వినగలిగేవాడు. 1915లో బ్రిటిష్ సైన్యంలో కెప్టెన్ ఎ.సి. ఫుల్లర్ తయారుచేసిన ఫుల్లర్‌ఫోన్ ఆ బెడదకు విరుగుడుగా వచ్చిందే.

స్క్రూ లేదు, తల వంగి ఉంది అంటే గుడారపు మేకే.

ముద్రలు, నంబర్లు ఎలా చదవాలి?

అమెరికన్ సిగ్నల్ కోర్ పాత పద్ధతిలో ఒకటో రెండో అక్షరాలు, ఒక సంఖ్య ఉంటాయి. చివర ఏ, బీ లాంటి అక్షరం ఉంటే అది మార్పు చేసిన రూపం. 1943 నుంచి సైన్యం, నౌకాదళం కలిసి వాడిన పద్ధతిలో పేరు మధ్యలో వాలు గీత (/) వచ్చింది, డబ్ల్యూడీ-1/టీటీ లాగా. కాబట్టి వాలు గీత ఉన్న పేరు అంతకంటే పాతది కాదు. రేకు పలక మీద ఆర్డర్ నంబరు, ఫిలా అనే మాట, చివర 43 గానీ 44 గానీ కనిపిస్తే అది ఫిలడెల్ఫియా డిపో ఆర్డరు, చివరి రెండంకెలు సంవత్సరం.

స్టాక్ నంబర్ల సంగతి ఇంకా పనికొస్తుంది. 11 అంకెలుంటే 1974కు ముందటిది, 13 అంకెలుంటే ఆ తర్వాతది. మొదటి నాలుగంకెలు వస్తువు జాతిని చెబుతాయి. 6145 అంటే తీగలు, కేబుళ్లు. 5805 అంటే టెలిఫోన్ సామాను. 5120 అంటే పదును లేని చేతి పనిముట్లు, 5110 అంటే పదును ఉన్నవి. 13 అంకెల నంబరులో తర్వాతి రెండంకెలు దేశం: 00, 01 అమెరికా, 99 బ్రిటన్, 12 జర్మనీ, 21 కెనడా. పేరు చెరిగిపోయి నంబరు మిగిలినా సగం దారి తెలిసినట్టే. ఒక జాగ్రత్త, తర్వాతి కాలంలో పాత వస్తువుకే కొత్త నంబరు వేయడం ఉంది. నంబరు వస్తువు ఎప్పటిదాకా వాడుకలో ఉందో చెబుతుంది, ఎప్పుడు పుట్టిందో చెప్పకపోవచ్చు.

బ్రిటిష్ వస్తువు మీద వెడల్పాటి బాణం గుర్తు ఉంటుంది. ఆ బాణం సీ అక్షరం లోపల ఉంటే కెనడా. జర్మన్ వస్తువు మీద గద్ద, దాని కింద పరీక్షాధికారి సంఖ్య, వేరుగా తయారీదారు అక్షరాల కోడ్ ఉంటాయి.

ముద్రలేవీ లేవు. ఇక దారి లేదా?

ఉంది, మరలు చూడండి. మర గాళ్లను కొలిచే థ్రెడ్ గేజ్ ఒకటి దగ్గర పెట్టుకోండి, ఖరీదైన వస్తువు కాదు. పాత బ్రిటిష్ సామానులో విట్‌వర్త్, బీఎస్ఎఫ్, బీఏ అనే బ్రిటిష్ ప్రమాణాల మరలు. జర్మన్ సామానులో మెట్రిక్. అమెరికన్ సామానులో అంగుళాల కొలతే అయినా విట్‌వర్త్‌కు 55 డిగ్రీల కోణం, అమెరికన్ మరకు 60 డిగ్రీలు.

రంగు పొరలు కూడా మాట్లాడతాయి. జర్మన్ వాహనాలకు, సామానుకు ముదురు పసుపు 1943 ఫిబ్రవరిలో వచ్చింది. పసుపు కింద బూడిద రంగు కనిపిస్తే వస్తువు అంతకు ముందే తయారై, తర్వాత మళ్లీ రంగు వేయించుకుందని అర్థం. కనపడని మూలలో కొద్దిగా మాత్రమే గీకి చూడండి.

బండి మీద క్లిప్పులు ఉన్నాయి గానీ పనిముట్టు లేదు. ఏది ఉండేదో చెప్పగలమా?

క్లిప్పుల మధ్య దూరం, లోపలి వ్యాసం కొలిచి రాసుకోండి. జీపు ఎడమ పక్కన ఉండేవి పార, గొడ్డలి. వాటికి తీగతో సంబంధం లేదు. సన్నటి గుండ్రని క్లిప్పులు రెండో మూడో ఒకే గీతలో, వాహనం వెనక చివరకు దగ్గరగా ఉంటే కర్ర కొక్కేనికి సరిపోతాయేమో చూడాలి. దాన్ని వాడే మనిషి ఉండేది వెనకే కదా. నేల పలక మీద నాలుగు బోల్టు రంధ్రాలు, వాటి చుట్టూ బరువుకు అణిగిన రంగు ఉంటే రీల్ చట్రం ఉండి ఉండొచ్చు. ఫిరంగి దళం పరిశీలకులు వాడిన క్యారియర్లనే చిన్న బ్రిటిష్ కవచ వాహనాల మీద కూడా కేబుల్ డ్రమ్ములు మోసేవారు. డాడ్జ్ డబ్ల్యూసీ-59 లాంటి టెలిఫోన్ ట్రక్కుల్లో అయితే నిచ్చెన, పనిముట్ల అల్మరాలు బండిలో భాగంగానే వచ్చాయి.

రంధ్రాలను పుట్టీ పెట్టి మూసేయకండి. అన్నిటికంటే ఎక్కువగా నన్ను బాధపెట్టేది అదే. మూసేముందు ఫోటో అయినా తీయండి.

కొత్తగా చేసిన నకలును ఎలా పట్టుకోవాలి?

నైలాన్ వలయం ఉన్న నట్లు, యుద్ధకాలపు బ్రిటిష్ చట్రంలో మెట్రిక్ బోల్టులు, ముద్ర గాట్లలోకి కూడా సమానంగా దిగిన తాజా రంగు కనిపిస్తే ఆగండి. రేకు పలకలకు నకళ్లు దొరుకుతాయి కాబట్టి పలక ఒక్కదాన్ని నమ్మొద్దు, దాని కింద రంగు పొర ఎలా ఉందో చూడండి. అసలైన పలక కింద పాత రంగు ఉంటుంది, పలక చుట్టూ తర్వాతి రంగులు అంచు కడతాయి. అరుగుదల తీగ తాకే చోట కాకుండా అందంగా అంతటా ఉంటే ఎవరో గరుకు కాగితంతో పాతది చేశారని అనుకోవచ్చు.

నకలు కొనడం తప్పేమీ కాదు. నకలని తెలిసి, నకలు ధరకు కొనాలి.

శుభ్రం చేసి భద్రపరచడం ఎలా?

ముందు అన్ని పక్కలా ఫోటోలు. తర్వాత మెత్తటి గుడ్డ. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది, పొడిగా రాపిడి చేసి ఆ దుమ్ము పీల్చకండి. కర్రకు పచ్చి అవిసె నూనె పలుచగా పట్టించొచ్చు. కానీ ఆ నూనె పీల్చిన గుడ్డల్ని ఉండలా చుట్టి పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచి పారేయాలి. తోలు సంచిలో ఇత్తడి రివెట్ల దగ్గర పచ్చటి కిలుము పడితే పుల్లతో తీయండి. టెలిఫోన్ ఉంటే లోపల పాత బ్యాటరీలు ఉన్నాయేమో మొదటి రోజే చూడండి. అవి కారితే డబ్బా అడుగు తినేస్తాయి.

ప్రదర్శనలో నిజంగా తీగ పరిచి చూపించొచ్చా?

తప్పకుండా. జనానికి ఈ సామాను అర్థమయ్యేది అప్పుడే. కొన్ని జాగ్రత్తలు మాత్రం తీసుకోండి. తోలు గ్లవ్స్ వేసుకోవాలి, తెగిన ఉక్కు పోగు సూదిలా దిగుతుంది. తీగ చుట్టేటప్పుడు హ్యాండిల్ ఒక్కసారిగా వెనక్కి తిరగొచ్చు, మణికట్టు దాని దారిలో ఉండకూడదు. బండి మనిషి నడిచే వేగానికి మించకూడదు. తీగను బిగదీయకండి, దూరానికి ఐదో వంతు ఎక్కువ తీగ లెక్కేసుకుని వదులుగా వేయండి. రింగు కోసం జనరేటర్ తిప్పేముందు అవతలి కొసన ఎవరి చేతిలోనూ ఒట్టి తీగ లేదని అడిగి తెలుసుకోండి, ఆ షాక్ గట్టిగానే తగులుతుంది.

వాడే తీగ కొత్తదై ఉండాలి. పాత రబ్బరు తొడుగు వంగితే పొడిలా రాలిపోతుంది. పాత తీగను డ్రమ్ము మీదే ఉంచి చూపించండి. పరచడానికి వేరే డ్రమ్ము మీద మామూలు జంట తీగ చుట్టుకుంటే సరిపోతుంది. చుట్టే ముందు, చుట్టిన తర్వాత రెండు కొసల మధ్య లైను నిలిచి ఉందో లేదో మీటర్‌తో చూసుకోండి. తీగ తెగింది ఎక్కడో పొలం మధ్యలో వెతుక్కోవడం కంటే అది సులువు.